కాదన్నవాళ్ళకి అల్లం టీ

తార్‌బహార్, బిలాస్‌పూర్
జూలై నాలుగోవారం

ప్రియమైన అత్తకి,

నీ చెవులు బాగుంటే ఈ సంగతి ఫోన్‌లోనే కేక వేసి చెప్పేదాన్ని. నన్ను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని చేశారు! ఆడవాళ్ళ సర్జికల్ వార్డు మొత్తం ఇప్పుడు నాది. ప్రస్తుతానికి తాత్కాలికమే. నా పని చూసి, దీపావళి దాటాక పర్మనెంట్ చేస్తామని మా నర్సింగ్ సూపరింటెండెంట్ ఉషారాణి మేడమ్ చెప్పారు. ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ కింద పనిచేస్తూ, వాళ్ళకంటే నాకే బాగా తెలుసని లోలోపల పళ్ళు కొరుక్కున్నాను. ఇప్పుడు చూపిస్తాను.

వార్డు అచ్చంగా నీలాగే నడుపుతున్నాను. నర్సింగ్ స్కూల్లో ఉండగా సెలవులకి నీ వార్డుకొచ్చి ఓ మూల నిలబడేదాన్ని, గుర్తుందా? నువ్వు గుమ్మంలో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. నాకూ అలాగే కావాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మెమో ఇస్తున్నాను. వరండాలో కబుర్లు బంద్. మొన్న ఒక పిల్ల సెలవడిగితే, ముందు వార్డు చూసి తరవాత సెలవు మాట ఎత్తమన్నాను.

మొదటిరోజే నీ ‘పిలుపు’ కూడా పెట్టించాను. రైలు ఇంజన్‌లో మావయ్య సిగ్నల్ రంగు చూసి పైకి చెబితే, పక్కనున్న అసిస్టెంట్ తన కళ్ళతో చూసి మళ్ళీ చెప్పేవాడు కదా. దాన్ని నువ్వు వార్డుకి తెచ్చావు. నేను మా వార్డుకి తెచ్చాను. ఒకరు రోగి పేరు, మందు, మోతాదు పైకి చెప్పాలి. రెండో నర్సు రోగి చేతి పట్టీ, మందు సీసా చూసి ‘సరే’ అనాలి. అప్పుడే సూది.

ఇందులో ఒక తమాషా జరిగింది. భానుప్రియ అని కాంట్రాక్టు మీద చేరిన పిల్ల ఉంది. మన తెలుగువాళ్ళే, వాళ్ళ నాన్న రైల్వే షెడ్‌లో ఫిట్టర్. డాక్టర్‌గారు రౌండ్స్‌లో ఉండగా నేను మందు పిలిస్తే, ‘కాదు దీదీ’ అంది. అందరూ ఆగిపోయారు. తీరా చూస్తే నాదే కరెక్టు. ఆ పిల్ల మందుల కాగితంలో పై వరస చదివింది. డాక్టర్‌గారు గడియారం చూసుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చావేటి? రేపట్నుంచి వాటినీ డ్యూటీకి తెచ్చుకో" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి ఒక్కరూ తడబడలేదు. ఈ నెల మా వార్డులో ఒక్క పొరపాటూ లేదు. మేడమ్ మీటింగులో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు.

ఈ ఉత్తరం ఎప్పటిలాగే కోర్బా–విశాఖ బండిలో అటెండెంటు అప్పలస్వామి అన్న చేత పంపుతున్నాను. డబ్బాలో ఇక్కడి పిండివంటలు ఠేఠ్రీ, ఖుర్మీ ఉన్నాయి. మావయ్యకి సగమే ఇవ్వు.

నిన్ను చూసి నేర్చుకున్న
తనూజ, సిస్టర్ ఇన్‌ఛార్జ్

•

విజయనగరం
జూలై చివర

చిరంజీవి తనూజకి,

అమ్మలూ, నీ ఉత్తరం మీ మావయ్యకి చదివి వినిపించాను. నా గొంతు ఎంత లేస్తుందో నాకు తెలియదు కదా, చదవడం అయ్యేసరికి పక్కింటి నాగేంద్రగారి భార్య పంచదార పట్టుకొని వచ్చేసింది. నీకు ఇన్‌ఛార్జ్ ఉద్యోగం వచ్చిందని వీధంతా తెలిసిపోయింది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఖుర్మీలు మీ మావయ్య సగం కాదు, అన్నీ తిన్నారు. తిని, చేతులు తుడుచుకొని, నాతో మాట్లాడే పలక అందుకొని ఇలా రాశారు: "ఆ గుంట కాదన్న తరవాత మరెవులైనా కాదన్నారేటి?"

నాకూ అదే అనిపించింది. మళ్ళీ రాశారు: "అసిస్టెంటు నాకు భయపడిపోతే ఇంజన్లో ఒక జత కళ్ళే ఉన్నట్టు. రెండో జత ఊరికే కూకున్నట్టు."

ఇంకో మాట. నెలంతా పొరపాటు లేని వార్డుని నేను ఇంతవరకు చూడలేదు తల్లీ. అంతమంది రోగులు, అన్ని మందులు, నిద్ర చాలని ఆడపిల్లలు. మందు ఆలస్యమవుతుంది, సీసా మారుతుంది, చేతిదాకా వచ్చి ఆగుతుంది. అవి జరగడం మానవు. నీ దాకా రావడం మానేస్తాయి. నిన్ను తక్కువ చేయడానికి కాదు, బెంగతో రాస్తున్నాను. ఈసారి రాసేటప్పుడు నిన్ను ఎవరు కాదన్నారో రాయి.

వేళకి తిను. కాళ్ళు వాచేదాకా నిలబడకు.

ఆశీస్సులతో
కోమలత్త

•

తార్‌బహార్
ఆగస్టు

ప్రియమైన అత్తకి,

నీ ఉత్తరం చూసి కోపం వచ్చింది. దాచుకోను, నీ దగ్గర దాచుకోవడం నాకు రాదు.

నన్ను ఎవరూ కాదనలేదు. ఎందుకంటే కాదనాల్సిన అవసరం నేను రానివ్వడం లేదు. ప్రతి మందూ రెండుసార్లు చూసుకొని పిలుస్తాను. ఇందులో తప్పేముంది? ఆగస్టులో కూడా పొరపాట్లు లేవు. దుప్పట్లు మడత నలగకుండా ఉంటున్నాయి. మేడమ్ మిగతా వార్డుల వాళ్ళని మా వార్డు చూసి రమ్మని పంపుతున్నారు.

ఇద్దరు మానేసి వెళ్ళిపోయిన మాట నిజమే. ఒకమ్మాయి ఊళ్ళోనే కోని వైపు ఇంకో ఆస్పత్రిలో చేరింది. రెండో అమ్మాయి కారణం కూడా చెప్పలేదు, నమస్తే అని వెళ్ళిపోయింది. మిగిలిన వాళ్ళ మీద పని పడింది, నా మీద ఇంకా పడింది. భానుప్రియ ఇప్పుడు బంగారంలా ఉంది. ఏం చెప్పినా ‘జీ దీదీ’ తప్ప రెండో మాట లేదు. కాకపోతే నేను పక్కన నిలబడితే ఆ పిల్ల చేతులు వణుకుతాయి. ముసలి రోగి ఒకావిడ, ‘ఏ నోనీ’ అని కూతుర్ని పిలిచినట్టు పిలిచి, ‘ఆ పిల్లని ఎందుకలా బెదరగొడతావు’ అని నన్నే అడిగింది. రోగులకి ఏం తెలుస్తుంది?

అయినా నువ్వు అరవలేదా అత్తా? ఒకసారి నీలవేణి సిస్టర్ మీద నువ్వు అరిచిన అరుపుకి ఆవిడ చేతిలో ట్రే కింద పడింది. సీసాలు మంచాల కిందకి దొర్లాయి. ఆవిడ ఏడ్చింది. అది నా కళ్ళతో చూశాను. ఆ రోజే అనుకున్నాను, వార్డంటే ఇలా నడపాలని. నువ్వు చేస్తే క్రమశిక్షణ, నేను చేస్తే భయపెట్టడమా?

శివాజీ కూడా అంటున్నాడు, ఇంట్లో కట్టుకున్నవాడికి కూడా నేను మెమోలు ఇస్తున్నానట. అందరూ కలిసి నన్నే అనండి.

తనూజ, సిస్టర్ ఇన్‌ఛార్జ్

•

విజయనగరం
సెప్టెంబరు

చిరంజీవి తనూజకి,

కోపం వచ్చిందని రాశావు, సంతోషం. అది రాయగలిగావంటే నేనంటే నీకు భయం లేదన్నమాట.

నీలవేణి మీద అరిచిన మాట నిజమే. ట్రే పడ్డ మాటా నిజమే. నువ్వు బస్సు వేళయిందని వెళ్ళిపోయావు కాబట్టి సగమే చూశావు. ఎందుకు అరిచానో అడిగావా? ఆ రోజు నేను పిలిచినప్పుడు నీలవేణి సీసా వైపు చూడకుండానే ‘సరే’ అంది. నా మొహం చూసి అంది. నా మీద గౌరవం కొద్దీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు నా మొహం సూడమని ఎవులు సెప్పారే, సీసా సూడు!" అని అరిచాను. తప్పు చెప్పినందుకు కాదు తల్లీ, చూడకుండా ఒప్పుకున్నందుకు.

నా దగ్గర ఎర్ర ఫ్లాస్కు ఉండేది. నీకు గుర్తుండాలి, నువ్వు దాని మూత తీసి వాసన చూసేదానివి. అందులో టీ నాకోసమని నువ్వనుకున్నావు కాబోలు. అది నేను తాగడానికి కాదు. కాదని ఆపినవాళ్ళు కరెక్టయితే సరే, ప్రాణం కాపాడారు, ఆ సంతోషం వాళ్ళకి ఎలాగూ ఉంటుంది. కాదని ఆపి, తీరా చూస్తే తనదే తప్పయి సిగ్గుతో చచ్చిపోయే పిల్లకి, అందరి ముందూ ఆ ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసి నా చేత్తో ఇచ్చేదాన్ని. అది మా వార్డు ఆచారం. డాక్టర్లు నవ్వేవారు. నవ్వనీ. రెండోసారి ఆపడానికి ఆ పిల్ల వెనకాడకూడదు, నాకు అంతే కావాలి. నీలవేణి తరవాత ఎన్నిసార్లు నా టీ తాగిందో. ఒక్కసారి మాత్రం నన్ను ఆపినా టీ తాగలేదు, ఎందుకంటే ఆ రోజు తప్పు నాది.

నా అరుపు పట్టుకెళ్ళావు, ఫ్లాస్కు ఇక్కడే వదిలేశావు. భానుప్రియని పిలిచి ఒక టీ ఇయ్యి. ఆలస్యమైనా ఫరవాలేదు.

కోమలత్త

•

విజయనగరం
అక్టోబరు

తల్లీ,

అప్పలస్వామి ఖాళీ డబ్బా తెచ్చాడు. ఉత్తరం లేదు. పోయిన ట్రిప్పులోనూ లేదు. కోపమైతే కోపమని రెండు ముక్కలు రాసి పడెయ్యి. నిన్ను స్టేషన్లో చూశానని, "తనూజమ్మ మొకంలో నెత్తురు సుక్క నేదు, డబ్బా ఇచ్చేసి మాటాడకుండా ఎల్లిపోనాది" అన్నాడని మావయ్య పలక మీద రాశారు. నాకు అన్నం సహించడం లేదు.

అత్త

•

తార్‌బహార్
అక్టోబరు

ప్రియమైన అత్తా,

ఈ ఉత్తరం పైకి చదవకు. నువ్వు చదువుకొని మావయ్య చేతికివ్వు.

తఖత్‌పూర్ నుంచి సుఖ్‌మతి అని ఒకావిడ పిత్తాశయం ఆపరేషన్‌కి వచ్చి చేరింది. ఆవిడకి షుగర్ లేదు. ఆపరేషన్ రోజు కాబట్టి ఏమీ తినలేదు. కిటికీ పక్క మంచంలో ఉండేది. పైన ఏసీ చలికి వణుకుతోందని రాత్రి డ్యూటీ నర్సు ఆవిడని నాలుగో మంచానికి మార్చింది. నాలుగో మంచం ఆవిడకి షుగర్ ఉంది, పొద్దున్నే ఇన్సులిన్ ఇవ్వాలి. ఆవిడని కిటికీ వైపు పడుకోబెట్టింది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఆ నర్సు, ‘దీదీ, మంచాలు...’ అని మొదలుపెట్టింది. "మంచాల సంగతి నాకు తెలుసు, మందులు చెప్పు" అన్నాను. ఆ పిల్ల నోరు మూసుకుంది.

పని ఎక్కువగా ఉందని ఇన్సులిన్ నేనే ఇవ్వడానికి వెళ్ళాను. నాలుగో మంచం దగ్గర నిలబడి పేరు, మందు, మోతాదు గట్టిగా పిలిచాను. ఆవిడ దుప్పటి కప్పుకొని మగతగా ఉంది. భానుప్రియ చేతి పట్టీ చూసింది. నా వైపు చూసింది. ఒక్క క్షణం ఆగింది అత్తా, నాకు బాగా గుర్తుంది, ఆగినందుకు విసుక్కున్నాను కూడా. ‘సహీ హై దీదీ’ అంది. నేను సూది గుచ్చేశాను.

తరవాత నేను ఇంకో పనిలో పడ్డాను. భానుప్రియ మాత్రం నాలుగో మంచం దగ్గరే తచ్చాడుతోంది. అక్కడేం చేస్తున్నావని కసిరాను కూడా. కాసేపటికి ఆ పిల్ల కేక వేసింది. సుఖ్‌మతి ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు, కళ్ళు తేలేసింది. నేను వెళ్ళేసరికే భానుప్రియ డాక్టర్‌ని పిలిపించి, గ్లూకోజ్ సీసా చేతిలో పట్టుకొని సిద్ధంగా ఉంది. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ పిల్లకి మాత్రం ముందే తెలుసు. అంత త్వరగా అందింది కాబట్టే సుఖ్‌మతి బతికింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు లేచి కూర్చుంటోంది. నిన్న నన్ను చూసి, ‘తోర్ ముహూ కాబర్ ఉత్రే హే నోనీ’ అంది, నీ మొహం ఎందుకలా వాడిపోయిందని. ఆవిడ కాళ్ళ మీద పడిపోదామనిపించింది.

భానుప్రియని స్టోర్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి అడిగాను.

"పట్టీ మీద వేరే పేరుంది, చూశావా?"

"చూసాను దీదీ."

"మరి ఎందుకు సరే అన్నావే?"

"డాక్టర్‌గారు మార్చేరేమో, మీకు తెలిసే ఉంటాదనుకున్నాను. ఔర్ ఫిర్... నాదే తప్పయితే మళ్ళీ అందరి ముందు ఏటంటారో అని..." ‘అందుకే అక్కణ్ణుంచి కదల్లేదు దీదీ’ అంది చివరికి.

ఎంక్వయిరీ పెట్టారు. శుక్రవారం నేను కమిటీకి వాంగ్మూలం ఇవ్వాలి. ఉషారాణి మేడమ్ తలుపు వేసి నాతో మాట్లాడారు. సరిచూసి ‘సరే’ అనాల్సింది భానుప్రియ, పట్టీ చూడకుండా అంది అని నేను రాసిస్తే చాలట. కాంట్రాక్టు పిల్ల, తీసేస్తారు, గొడవ ముగుస్తుంది. దీపావళి దాటగానే నా పర్మనెంట్ ఆర్డరు వస్తుంది. లేదంటే సూది గుచ్చిన చెయ్యి నాది కాబట్టి నన్ను మామూలు స్టాఫ్ నర్సుగా దించేస్తారు, ఉద్యోగం ఉంటే అదే గొప్ప అన్నారు. శివాజీ అంటున్నాడు, "ఆ గుంట కళ్ళారా సూసి కూడా సరే అంది కదా, నువ్వు అబద్ధమేటి రాత్తన్నావు?" అని. నిజమే, ‘పట్టీ చూడకుండా’ అన్న ఒక్క మాట తీసేస్తే అబద్ధం కూడా కాదు. ఆ మాటే రాత్రంతా నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇన్నేళ్ళ తరవాత వచ్చిన కుర్చీ అత్తా. నాకు ఆ కుర్చీ కావాలి. నేనేం చెయ్యాలో చెప్పు.

నీ
తనూజ

•

విజయనగరం

తనూజకి,

సుఖ్‌మతి బతికింది. ముందు ఆ దేవుడికి దణ్ణం పెట్టాను.

ఏం చెయ్యాలో నీకు తెలుసు. తెలియకపోతే ఇంత పెద్ద ఉత్తరం రాసేదానివి కాదు. నా చేత చెప్పించుకొని, రేపు కుర్చీ పోతే అత్త చెప్పిందని సరిపెట్టుకుంటావు. అలా కుదరదు.

అప్పలస్వామి చేత నా ఎర్ర ఫ్లాస్కు పంపుతున్నాను. శుక్రవారంలోగా అందుతుంది. ఆ పిల్ల మీద పెట్టి నువ్వు పర్మనెంట్ అయ్యావా, వచ్చే ట్రిప్పులో ఆ ఫ్లాస్కు నాకు తిరిగి పంపించెయ్యి. ఉత్తరం రాయక్కర్లేదు, డబ్బాలో ఫ్లాస్కు చూస్తే నాకు అర్థమవుతుంది. తరవాత కూడా రాయకు.

నువ్వు నా కన్నకూతురి కంటే ఎక్కువ. అందుకే ఈ మాట రాశాను.

కోమలత్త

•

తార్‌బహార్
దీపావళి వెళ్ళాక

ప్రియమైన అత్తకి,

ఈ డబ్బాలో ఫ్లాస్కు లేదు. అడుగుదాకా వెతుక్కోకు, ఠేఠ్రీ విరిగిపోతుంది.

కమిటీ గదికి వెళ్ళేముందే వార్డులో చెప్పేశాను. పొద్దున డ్యూటీ మారే వేళ, వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళు అందరూ ఉండగా, నాలుగో మంచం దగ్గర నిలబడి చెప్పాను. మంచాలు మారాయని చెప్పబోతే నేను వినిపించుకోలేదని, పట్టీ నేను చూడలేదని, భానుప్రియ నోరు నొక్కింది కూడా నేనేనని. ఆనాటి రాత్రి డ్యూటీ నర్సు నా చెయ్యి పట్టుకొని వార్డంతా వినపడేలా ఏడ్చింది. మంచాలు మార్చింది తనే కాబట్టి తననే తీసేస్తారని ఇన్నాళ్ళూ లోపల కుమిలిపోతోందట. నేను వార్డులో చెప్పిందే కమిటీకీ రాసిచ్చాను.

కుర్చీ పోయింది. చాలా బాధగా ఉంది, నీ దగ్గర గొప్పలు పోను. నా పేరున్న బోర్డు తీసేస్తుంటే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. భానుప్రియకి మందలింపు కాగితం ఇచ్చి ఉద్యోగంలో ఉంచారు. శివాజీ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి ఫ్లాస్కు కడిగి పెట్టాడు.

ఇన్‌ఛార్జ్ పని కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉషారాణి మేడమే చూస్తున్నారు. ఆవిడకి ఇప్పుడు తలనొప్పి. పిల్లలు రోజూ ఏదో ఒకటి వచ్చి చెబుతున్నారు, మందు ఆలస్యమైందని, సీసాలు పక్కపక్కన పెట్టడం వల్ల మారబోయాయని. "నువ్వున్నప్పుడు ఒక్క పొరపాటూ ఉండేది కాదు తనూజా, ఇప్పుడు చూడు ఈ వార్డు ఎలా అయిపోయిందో" అన్నారు మొన్న. నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది.

నిన్నటి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. డాక్టర్‌గారి రౌండ్స్. నేనూ భానుప్రియా మందులిస్తున్నాం. పేరు, మందు, మోతాదు పిలిచాను. ఆ పిల్ల మందుల కాగితం చూసింది. పట్టీ చూసింది. సీసా చూసింది. నా మొహం చూడలేదు అత్తా, నేను గమనించాను. ఆగింది. పెదవులు తడుపుకుంది.

"కాదు దీదీ. ఏక్ బార్ ఫిర్ దేఖియే" అంది, ఇంకోసారి చూడమని.

సూది పక్కన పెట్టేశాను. డాక్టర్‌గారు గడియారం చూసుకున్నారు. అందరూ ఆగిపోయారు, అచ్చం జూలైలో ఆగినట్టే. కాగితం తీసి చదివాను. పట్టీ చదివాను. సీసా వెలుతురులోకి పట్టుకొని చదివాను. నేను పిలిచిందే కరెక్టు. ఆ పిల్ల మళ్ళీ పై వరసే చదివింది.

భానుప్రియ మొహం తెల్లగా పాలిపోయింది. కళ్ళు దించేసుకుంది, నేను అనబోయే మాట కోసం కాచుకున్నట్టు. నేను సరిచూసిన మందు ఇచ్చేసి, చేతులు కడుక్కొని, డెస్క్ దగ్గరకి వెళ్ళి ఎర్ర ఫ్లాస్కు తెచ్చాను. అందరి ముందూ మూతలోకి టీ పోసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. "ఏటలా సూస్తావు, తాగు. సల్లారిపోతాది" అన్నాను.

ముందు అర్థం కాలేదు దానికి. తరవాత రెండు చేతులతో మూత పట్టుకొని, కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తాగింది. డాక్టర్‌గారు ఇదేమిటని అడిగారు. మా అత్త వార్డు ఆచారం అని చెప్పాను.

అల్లం ఎక్కువైందట. నువ్వు ఎంత వేసేదానివో రాసి పంపు. ఇక్కడ రోజూ కావలసి వచ్చేలా ఉంది.

నీ మేనకోడలు
తనూజ, స్టాఫ్ నర్సు